పన్నెండేళ్ళ పొలం కేసు: లోక్ అదాలత్‌లో రాజీ పడాలా, తేలేదాకా నడపాలా?

గట్టుమీద రైతు (పర్లాకిమిడి దగ్గర) – ఆదివారం రాత్రి 8.40

అందరికీ నమస్కారం. విసుగెత్తి రాస్తున్నాను. మాకు తాతల నాటి పొలం ఎకరం నలభై సెంట్లుంది. దాని మీద 2013లో కేసు పడింది. మొన్న శుక్రవారం మళ్ళీ వాయిదా, జడ్జి గారు సెలవట. పొద్దున్న ఆరింటికి బయల్దేరి, రెండింటి దాకా వరండాలో నిలబడి, తారీఖు రాసుకుని వచ్చాను. వకీలు గారికి ఐదొందలు, ఆయన గుమాస్తా మొహరీరుకు వంద, హాజరు వేయించే హాజిరా కాయితానికి వేరే, టీ టిఫిన్లు వేరే. ఆ రోజు పొలం పని ఎలాగూ పోయింది.

పన్నెండేళ్ళలో నలుగురు జడ్జీలు మారారు. మధ్యలో మా నాన్న పోయారు. ఆయన బదులు మా పేర్లు ఎక్కించడానికే ఏడాదిన్నర పట్టింది. పాత దస్తావేజులు మద్రాసు ప్రెసిడెన్సీ నాటివి, అన్నీ తెలుగులో ఉన్నాయి. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది గాని మా బీరువాలో కాయితాలు కలవలేదు కదా! వాటి తర్జుమాకి పేజీకింత అని కట్టాం. కోర్టు నుంచి వచ్చే నోటీసేమో ఒడియాలో. నాకు మాట్లాడ్డం వచ్చు, చదవడం అంతంత మాత్రం. మా అబ్బాయి చదివి చెప్తాడు. కేసు పడ్డప్పుడు వాడు ఒకటో తరగతి.

ఇప్పుడు మా వకీలు గారే లోక్ అదాలత్‌లో పెట్టేద్దాం అంటున్నారు, అవతలివాళ్ళ చేతిలో ఎంతో కొంత పెట్టి వదిలించుకోమని. కోర్టు నత్తనడక నడుస్తోందని, న్యాయం మన పక్కనుండి కూడా రాజీ పడాలా? మీరైతే ఏం చేస్తారు?

బరంపురం బాబాయ్ – 8.52

గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడట. పడండి రాజీ.

పాతపట్నం పక్కోడు – 9.05

ఒడిశాలో సెంట్లేంటండీ? అక్కడ రికార్డంతా డిసిమిల్లో కదా. ముందు మీ పట్టాలో ఎంతుందో చూసుకోండి. సగం తగాదాలు కొలతల దగ్గరే పుడతాయి.

గట్టుమీద రైతు – 9.11

సెంటైనా డిసిమిలైనా ఎకరంలో నూరో వంతే అన్నా. తగాదా కొలత గురించి కాదు.

మాజీ మొహరీరు (బరంపురం) – 9.48

ముప్పై ఏళ్ళు వకీళ్ళ దగ్గర మొహరీరుగా చేశాను. రైతు గారి కష్టం అబద్ధం అనను. కానీ అందరూ కోర్టును తిడతారు గాని కోర్టు ఎందుకు ఆగిందో చూడరు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని రాసి ఉంది. సమన్లు అందిన ముప్పై రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, మరీ అయితే తొంభై. ఎవరు పాటిస్తున్నారు? తగిన కారణం ఉంటే కోర్టు ఇంకా గడువు ఇవ్వొచ్చని 2005లో సుప్రీంకోర్టు అన్నది. అంతే, ఆ సందులోంచి దేశమంతా దూరిపోయింది. సాక్షికి జ్వరం, వకీలు గారికి వేరే కోర్టులో పని, కాయితం దొరకలేదు. వాయిదా అడిగే ఈ మెమోలు నా చేత్తో వేలల్లో రాశాను. అడిగించేది పార్టీయే.

జడ్జీల సంగతి నిజమే. పది లక్షల జనాభాకి యాభై మంది ఉండాలని లా కమిషన్ 1987లో చెప్పింది. ఇప్పటికీ అందులో సగం మంది లేరు. జిల్లా కోర్టుల్లో పెండింగు నాలుగు కోట్లు దాటింది. నాలుగు కోట్ల మందిలో మీరొకరు, అంతే తేడా.

ఇక రాజీ. లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో, అంటే తీర్పు కాయితంతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. వాది కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. మంచి దారే. కానీ సలహా చెప్పాలంటే ఒకటి తెలియాలి. మీరు వాదా, ప్రతివాదా?

కోరాపుట్ కాఫీ – 10.02

మా పక్క కొటియా ఊళ్ళ కోసం ఒడిశా, ఆంధ్రా 1968లో సుప్రీంకోర్టుకెళ్ళాయి. 2006లో ఆ దావా ముగిసింది, తగాదా ముగియలేదు. రెండు ప్రభుత్వాలకే దిక్కు లేదు, ఎకరం నలభైకి మీరు పన్నెండేళ్ళకే ఏడుస్తున్నారు :)

గుణుపురం కోడలు – 10.30

మొహరీరు గారూ, వాయిదా అడిగేది పార్టీ సరే. ఇచ్చేదెవరు? దొంగ తాళం అడిగాడు, కాపలావాడు ఇచ్చాడు అన్నట్టుంది మీ మాట.

నాదీ ఒక కేసుంది. మా నాన్న పొలంలో నా భాగం కోసం మా అన్నయ్య మీద వేశాను. ఏడేళ్ళవుతోంది. వాళ్ళ సాక్షికి పదకొండుసార్లు జ్వరం వచ్చింది, అన్నిసార్లూ నా తారీఖుకే. అన్నంగిన్నె పట్టుకుని రెండు బస్సులు మారి పోతాను. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారని ఎవరో చెబితే 15100కు ఫోన్ చేశాను. వకీలు దొరికాడు, ఫీజు లేదు. బస్సుకి మాత్రం ఎవరూ ఉచిత టికెట్టు ఇవ్వలేదు. ఒకరోజు వాన పడుతుంటే మా అన్నయ్యే బండి మీద బస్టాండులో దింపాడు. దిగేటప్పుడు "వచ్చే తారీఖు గుర్తుందా?" అని అడిగాడు. అదండీ మా కేసు.

గట్టుమీద రైతు – 10.44

మొహరీరు గారూ, ఇన్నేళ్ళూ మెమోకింత అని తీసుకున్న చేతులేగా అవి. వాయిదా పడితేనే మీకు బేరం. కోర్టు ఫీజు వాపసు వాదికొస్తే నాకేం లాభం?

పాతపట్నం పక్కోడు – 10.47

నూరో వంతు అన్నారు, మంచిది. కానీ మీ పాత దస్తావేజులో సెంట్లు, కొత్త పట్టాలో డిసిమిల్ ఉంటే కోర్టులో ఆ ప్రశ్న వస్తుంది. మా మావయ్య కేసులో వచ్చింది.

గుణుపురం కోడలు – 10.51

"వాదికొస్తే నాకేం లాభం." అంటే మీరు ప్రతివాది. మరి పొలం ఎవరు దున్నుతున్నారు?

బరంపురం బాబాయ్ – 10.58

హైకోర్టు బెంచి బరంపురానికి వస్తే ఇవన్నీ సర్దుకుంటాయి. ప్రతిదానికీ హైకోర్టున్న కటకం పరిగెత్తాలంటే ఎవడి తరం?

మాజీ మొహరీరు – 11.20

బాబాయ్ గారూ, ఆయన కేసు ఇంకా కింది కోర్టులోనే ఉంది. బెంచి వచ్చినా ఆయన సాక్షికి జ్వరం తగ్గదు. పైగా 2023 నుంచి జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు గదులు పెట్టారు, వకీలు కటకం పోకుండానే వాదించుకోవచ్చు. బెంచి కోసం వకీళ్ళు కోర్టులు బహిష్కరించిన రోజుల్లో ఎన్ని తారీఖులు పోయాయో నాకు తెలుసు. దాని మీద వేరే చర్చ పెట్టండి, వస్తాను.

రైతు గారూ, మెమోకి ఇరవై, ముప్పై తీసుకున్నమాట నిజం. దాంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించాను, దాచుకోను. కానీ మీరు అడక్కుండా ఒక్క మెమో రాయలేదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసుకిచ్చిన గుర్తింపు నంబరు, సి.ఎన్.ఆర్. అంటారు, అది కొట్టండి, పదహారు అక్షరాలుంటాయి. ఏ తారీఖున ఏం జరిగిందో, ఎవరు గడువు అడిగారో ఆర్డర్లలో కనిపిస్తుంది. కూర్చుని లెక్కపెట్టి ఇక్కడ రాయండి. తరవాత నన్ను తిట్టండి.

వాదెవరో ఇంకా చెప్పలేదు.

గట్టుమీద రైతు – సోమవారం ఉదయం 6.15

రాత్రి నిద్ర పట్టలేదు. సరే, చెప్తాను. వాది మా మేనత్త. చాలా?

మా తాత ఆమె పెళ్ళికి అప్పు చేసి పెట్టాల్సింది పెట్టాడు. ఆ అప్పు మా నాన్న తీర్చాడు. కాలవ పూడిక తీసింది మేము, గట్టు వేసింది మేము, తుపానుకి ఇసుక మేట వేస్తే ఎత్తిపోసింది మేము. నలభై ఏళ్ళ తరవాత వచ్చి సగం పొలం పెట్టమంటే ఎలా? డబ్బిస్తానన్నాను. ఆమెకి డబ్బొద్దట, పొలమే కావాలట. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఏం దున్నుతుంది? కోర్టు ఏడాదిలో తేల్చేసి ఉంటే ఈ పగ ఇంతదాకా వచ్చేది కాదు. పండక్కి మా ఇంటికి రావడం మానేసింది.

బరంపురం బాబాయ్ – 6.40

అదీ సంగతి. ఆడపిల్లలు పొలాలు అడగడం మొదలెట్టాక పుట్టిళ్ళు ఎక్కడ మిగిలాయి?

గుణుపురం కోడలు – 7.25

బాబాయ్ గారూ, మీకు పొలం ఉంటే మీ చెల్లెలికి సగం రాసిచ్చి చూడండి, పుట్టిల్లు కూలిపోతుందో లేదో అప్పుడు మాట్లాడదాం.

రైతు గారూ, నిన్నటి నుంచి నాకు ఇదే అనుమానం. పన్నెండేళ్ళు కేసు నడిచింది. పన్నెండేళ్ళూ పంట మీ ఇంటికే వచ్చింది. మీకు వాయిదా అంటే ఒక పూట వరండాలో నిలబడటం. ఆమెకు వాయిదా అంటే ఇంకో పంట పోవడం. ఇద్దరూ ఒకే కోర్టును తిడుతున్నారు గాని ఇద్దరి నష్టం ఒకటి కాదు. మా అన్నయ్య కూడా ఊరంతా తిరిగి "ఈ కోర్టులతో చచ్చిపోతున్నాం" అంటాడు. ఏం చచ్చాడు? కొత్త ట్రాక్టరు కొన్నాడు. డబ్బిస్తానన్నారే, ఏ ధరకి? 2013 ధరకా?

ఆమె దున్నుకుంటుందో, కౌలుకిస్తుందో, అమ్ముకుంటుందో మీకెందుకు? మీరు పొలం అమ్ముకుంటే ఆమె అడిగిందా?

గట్టుమీద రైతు – 7.40

మీ అన్నయ్య మీద కోపం నా మీద చూపించకండి. నేను ట్రాక్టరు కొనలేదు. కేసుకే రెండు లక్షల పైన పోసాను. నేనేమన్నా సంతోషంగా ఉన్నానా? ఆడవాళ్ళు కదా అని ఊరుకుంటుంటే...

నిర్వాహకుడు – 7.55

మాటలు జాగ్రత్త. ఇంకోసారి అయితే చర్చ మూసేస్తాను.

పాతపట్నం పక్కోడు – 8.10

సగం అంటే డెబ్భై డిసిమిల్. చెప్తున్నానంతే.

మాజీ మొహరీరు – 9.30

కోపాలు పక్కన పెట్టండి. నేను రైతు గారి వైపూ కాదు, అమ్మాయి వైపూ కాదు. కాయితం ఏం చెబుతుందో చెప్తాను.

పొలం మీ తాత స్వార్జితమై, వీలునామా రాయకుండా 1956 తరవాత పోయి ఉంటే కూతురికి కొడుకుతో సమాన వాటా అప్పటి నుంచే ఉంది. పిత్రార్జితమైతే, కూతురికీ కొడుకుతో సమాన హక్కిచ్చిన హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ వర్తిస్తుంది. దానికి తండ్రి 2005 సెప్టెంబరు 9 నాటికి బతికి ఉండాలా అని చాలా ఏళ్ళు కొట్టుకున్నారు. అక్కర్లేదని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చేసింది. మరి మీ ఇంట్లో 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకం ఏదైనా ఉందా? అలాంటిదాన్ని ఆ సవరణ కదపదు. ఉంటే మీ వకీలు పన్నెండేళ్ళ కిందటే చూపించేవారు. పెళ్ళికి పెట్టింది వాటా కింద జమ కాదు. ఇది నా మాట కాదు, ఎంతమంది వకీళ్ళు ఎన్నిసార్లు వాదించి ఓడారో చూశాను.

ఇంకో మాట, ఇది ఎవరూ మీకు చెప్పి ఉండరు. పంపకం కేసులో మొదటి డిక్రీతో పొలం చేతికి రాదు. ఎవరి భాగం ఎంతో మాత్రం అందులో తేలుతుంది. తరవాత కోర్టు పంపిన కమిషనరు వచ్చి పొలంలో గీత గీయాలి, అప్పుడు ఫైనల్ డిక్రీ, ఆ తరవాత అమలు. మొదటి డిక్రీ అయ్యాక మళ్ళీ దరఖాస్తు కోసం చూడకుండా కోర్టే ముందుకు నడపాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అమలు పిటిషన్లు ఆరు నెలల్లో తేల్చాలని అంతకుముందే, 2021లో, అన్నది. అయినా ఇప్పుడున్న లెక్కన మీ అబ్బాయి పెళ్ళి దాకా నడుస్తుంది. ఆఖర్లో ఆమె వైపు వకీలు ఇన్నేళ్ళ పంట ఆదాయంలో భాగం కూడా లెక్క అడుగుతాడు. అడిగే హక్కుంది. పాత వాయిదాలన్నీ ఆ రోజు మీ మీదే పడతాయి.

అమ్మాయీ, నీకూ ఒక మాట. వాయిదా ఇచ్చేదెవరని అడిగావు కదా. నిజమే, ఇవ్వకూడదు. ఇచ్చినా, అడిగినవాడి మీద ఖర్చులు వేసి ఇవ్వాలి. వంద రూపాయలు ఖర్చు వేస్తే ఎవడు భయపడతాడు? దీనికి నా దగ్గర జవాబు లేదు.

గుణుపురం కోడలు – 10.05

ముప్పై ఏళ్ళ తరవాతైనా ఒప్పుకున్నారు. సంతోషం.

కోరాపుట్ కాఫీ – 10.09

మొహరీరు గారిని జడ్జిగా వేస్తే పెండింగు తగ్గేలా ఉంది.

గట్టుమీద రైతు – రాత్రి 9.35

యాప్‌లో చూశాను. మా అబ్బాయి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివాడు. కనిపించిన ఆర్డర్లు నలభై ఒకటి. జడ్జి గారు లేకపోవడం, బదిలీ, కరోనా, వకీళ్ళ బహిష్కరణ కలిపి పద్దెనిమిది. అత్త వైపు అడిగినవి ఐదు. మిగతావి మావి. వాడు లెక్కపెట్టి "నాన్నా, మనవే పద్దెనిమిది" అన్నాడు. సగం నాకు తెలియనే తెలియదు, వకీలు గారు అడిగేశారు. మిగతా సగం తెలుసు.

కోర్టు తప్పేం లేదని మాత్రం ఒప్పుకోను. వాళ్ళవీ పద్దెనిమిదే.

గుణుపురం కోడలు – 9.50

ఆ సగం గురించే కదండీ నేను మాట్లాడింది.

బరంపురం బాబాయ్ – 9.58

ఇంతకీ రాజీయా, కాదా?

గట్టుమీద రైతు – 10.20

మా ఇంటావిడ రేపు అత్త ఊరు వెళ్తానంటోంది. నన్ను రావద్దంది. మొహరీరు గారూ, ఒకటి అడుగుతాను. లోక్ అదాలత్‌కి ముందే పొలం కొలిచే అమీన్‌ని పిలిచి కొలిపిస్తే పనికొస్తుందా? అత్త కూడా దగ్గరుండాలా? కాలవ వైపు భాగం ఎవరికన్నదే పెద్ద గొడవ అవుతుంది. నీళ్ళు అటు నుంచే వస్తాయి.

మాజీ మొహరీరు – 10.41

దగ్గరుండాలి. ఇద్దరి సంతకాలతో నక్షా, అంటే పొలం పటం గీయించి రాజీ కాయితానికి జత చేయండి. కాలవ నీళ్ళు రెండు భాగాలకీ ఎలా పారాలో కూడా అందులోనే రాయించండి, లేకపోతే దాని మీద ఇంకో కేసు వస్తుంది. నక్షా ఒడియాలో ఉంటుంది, అబ్బాయిని తీసుకెళ్ళండి.

పాతపట్నం పక్కోడు – 10.44

డిసిమిల్లోనే కొలుస్తారు. నేను మొదట్నుంచీ చెప్తున్నాను.