బ్రష్ చేస్తే రక్తం వస్తోంది: క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా?

ప్రశ్న:
మా అమ్మగారికి 58 ఏళ్లు, పదేళ్లుగా మధుమేహం ఉంది. నాలుగు నెలలుగా పళ్లు తోముకుని ఉమ్మినప్పుడల్లా నురగలో ఎర్రటి చారలు కనబడుతున్నాయి. బ్రష్ గుచ్చుకుంటోందనుకుని దాన్ని పక్కన పెట్టేసి, వేలితో పళ్లపొడి రుద్దుకుంటున్నారు. కింది ముందుపళ్ల లోపలివైపు పచ్చటి గార గట్టిగా పేరుకుంది. క్లీనింగ్ చేయిద్దామంటే, అది చేయించుకున్నాకే తన పళ్లు కదిలాయని పక్కింటి పిన్నిగారు చెప్పిన మాట పట్టుకుని ససేమిరా అంటున్నారు. ఈ భయంలో నిజమెంత?

జవాబు (దంతవైద్యురాలు):
రక్తం వస్తోందని బ్రష్ మానేయడమే ఇక్కడ జరిగిన పొరపాటు. చిగురు అంచున చేరిన పాచిలోని సూక్ష్మక్రిముల వల్ల చిగురు వాచి, తాకితేనే రక్తం కారుతుంది. సరిగా తోమకపోతే ఆ పాచి లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారగా మారుతుంది. నాలుక కింద లాలాజల నాళాలు తెరుచుకునేది అక్కడే కాబట్టి కింది ముందుపళ్ల వెనక గార ఎక్కువగా కడుతుంది. కట్టిన గారను ఏ పేస్టూ, ఏ పొడీ వదిలించలేవు.

ఇక పళ్లు కదలడం గురించి. వ్యాధి చిగురు వాపు దగ్గరే ఉంటే పూర్తిగా నయమవుతుంది కానీ, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగితే అది మామూలుగా తిరిగి పెరగదు. అలాంటి పళ్లను చాలాసార్లు గారే సిమెంటులా ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. దాన్ని తీయగానే అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది, నింద మాత్రం క్లీనింగ్ మీద పడుతుంది! కొన్నాళ్లు చల్లనీళ్లకు పళ్లు జివ్వుమనవచ్చు, అది క్రమంగా తగ్గుతుంది.

మెత్తటి బ్రష్‌ను పన్నూ చిగురూ కలిసేచోట 45 డిగ్రీల వాలుగా ఆనించి, గట్టిగా నొక్కకుండా చిన్నచిన్న కదలికలతో, రెండు పూటలా రెండేసి నిమిషాలు తోముకోమనండి. రాత్రి పూట అసలు మానకూడదు. బ్రష్ చేరని పళ్ల సందులకు ఫ్లాస్ (సందుల్లో దూర్చే సన్నటి దారం) గానీ సన్నటి సందుల బ్రష్ గానీ వాడాలి, పిన్నీసు మాత్రం వద్దు.

మరొకరి జవాబు:
రక్తం రాకపోతే చిగుళ్లు బాగున్నట్టేనని కూడా అనుకోకండి. మా నాన్నగారు నలభై ఏళ్లు చుట్ట కాల్చారు, ఒక్కనాడూ రక్తం చూడలేదు. అయినా దవడ పళ్లు రెండు వేలితో కదిపితే ఊగేదాకా వచ్చాయి. పొగాకు చిగుళ్లలో రక్తప్రసారాన్ని తగ్గించి, ఆ హెచ్చరికను కనబడనీయదని డాక్టరుగారు చెప్పాకే తెలిసింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మగారు బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు, పళ్ల మధ్య చిగురు కాస్త ఉబ్బినట్టుంది. ఆ మాత్ర ఆపించాలా?

జవాబు (దంతవైద్యురాలు):
సొంతంగా ఆపించకండి. ఆ మందు కొందరిలో చిగురు పెరిగేలా చేస్తుంది, పాచి ఉంటే మరింత. మార్చాలా వద్దా అన్నది మందు రాసిన వైద్యుడే తేల్చాలి. చక్కెర అదుపు తప్పితే చిగుళ్ల వ్యాధి ముదురుతుంది, చిగుళ్ల వ్యాధి ముదిరితే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. అందుకే మూడు నెలల సగటు చక్కెర పరీక్ష రిపోర్టు, మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. క్లీనింగ్‌కు ఉదయం పూట, టిఫినూ మాత్రలూ మానకుండా తీసుకుని రమ్మనండి.