అట్లాంటాలో ఒక నల్లజాతి అమ్మాయి చదువు కోసం: దారి తెలిసినవాళ్ళు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మేం అట్లాంటా శివార్లలో ఉంటాం. శనివారాలు ఇక్కడి లైబ్రరీలో పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. అక్కడికొచ్చే ఒక నల్లజాతి అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతి. తన హోంవర్క్ అవ్వగానే చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, పేపర్ ప్లేట్లు కత్తిరించి భిన్నాలు నేర్పుతుంది. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే మొదలుపెట్టింది. నోట్‌బుక్ చివరి పేజీలో పెద్దక్షరాలతో ‘స్పెల్మన్’ అని రాసుకుంది.

1881లో నల్లజాతి ఆడపిల్లల కోసం పెట్టిన ఆ కాలేజీ మా ఊళ్ళోనే ఉంది. ఫీజు చూసి వాళ్ళమ్మకి గుండె జారిపోయింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కబోయే మొదటి మనిషి ఈ పిల్లే. స్కూల్లో అడిగితే ఫాఫ్సా (కాలేజీ చదువుకి ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు) నింపమని కాగితం చేతిలో పెట్టి పంపేశారట.

జార్జియా రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్‌కి 3.0 జీపీఏ (గ్రేడ్ల సగటు) కావాలి, ఆమెకు అంతకన్నా బాగానే ఉంది. దాంతోపాటు నల్లజాతి విద్యార్థులకు సాయం చేసే యూఎన్‌సీఎఫ్ అనే సంస్థ స్కాలర్‌షిప్ కూడా కలిపి తీసుకోవచ్చా? మీలో ఎవరైనా అలా చేయించారా?

ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యం. 1975లో పర్డ్యూ విద్యార్థులు మొదలుపెట్టిన నేషనల్ సొసైటీ ఆఫ్ బ్లాక్ ఇంజనీర్స్‌కి స్కూలు పిల్లల శాఖలున్నాయి. మా లైబ్రరీలో ఒకటి పెట్టి, దాన్ని ఆమే నడిపితే బాగుంటుందని నా ఆశ. పెద్దదిక్కుగా నల్లజాతి ఇంజనీరు ఎవరైనా ఉంటే పిల్లలకు ధైర్యం. అలాంటివాళ్ళు మీ ఆఫీసులో ఉంటే దయచేసి ఒక్క మాట అడిగి చూడండి.