నాన్న టేబుల్ దిగి వచ్చేశారు. పీఎస్ఏ 3.1 వచ్చింది కదా, వేలు పరీక్ష వదిలేయొచ్చా?

తెనాలి_కుర్రాడు:
నమస్తే అండీ. ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తెలియక ఇక్కడ రాస్తున్నా. మా నాన్నకి 66. రెండేళ్ళుగా రాత్రిపూట నాలుగైదుసార్లు యూరిన్‌కి లేస్తారు, వెళ్ళినా చాలాసేపు నిలబడాలి, ధార సన్నగా వస్తుంది, వచ్చి పడుకున్న కాసేపటికే మళ్ళీ లేస్తారు. వయసు కదా అని ఊరుకున్నాం. మూడు నెలల నుంచి మోషన్‌లో అప్పుడప్పుడు రక్తం కూడా పడుతోందట. అదీ ఆయన చెప్పలేదు, బకెట్లో నానేసిన పంచె మీద మరకలు చూసి అమ్మ నిలదీస్తే బయటపడింది. అడిగితే "మొలలేలే" అంటారు.

పోయిన వారం గుంటూరులో యూరాలజీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. స్కాన్‌లో ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) 52 గ్రాములు, యూరిన్ పోశాక కూడా లోపల 110 ఎంఎల్ మిగిలింది. డాక్టరు గారు గ్లవుజు తొడుక్కుంటూ "అటు తిరిగి పడుకోండి పెద్దాయనా" అనేసరికి ఏం చేయబోతున్నారో నాన్నకి అర్థమైపోయింది, టేబుల్ దిగి, పంచె సర్దుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచేశారు. ఫైలు పట్టుకుని నేను వెనకాల పరుగు. బస్సులో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "చావనైనా చస్తా గానీ అక్కడ వేలు పెట్టించుకోను" అని ఒకటే మాట.

ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష మాత్రం చేయించుకున్నారు, పీఎస్ఏ 3.1 వచ్చింది. 4 లోపు నార్మల్ అని రిపోర్టులోనే ఉంది. స్కాన్ అయింది, రక్తపరీక్ష అయింది, ఇంక మలద్వారంలో వేలు పెట్టి చూసే ఆ పరీక్ష లేకపోతే ఏమన్నా అవుతుందా?

కరీంనగర్_రిటైర్డ్:
తమ్ముడూ, నాకు 63, ఆ పరీక్ష రెండుసార్లు అయింది, కాబట్టి మీ నాన్నగారికి ఇది చదివి వినిపించు. ఎడమ పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ళు కడుపు దగ్గరికి ముడుచుకోమంటారు, పైన దుప్పటి కప్పుతారు. గ్లవుజుకి జెల్లీ రాసుకుని, నోరు తెరిచి ఊపిరి వదలమంటారు, ఆ వదిలే టైంలోనే వేలు లోపలికి వెళ్తుంది. నొప్పి కాదు, అర్జెంటుగా లెట్రిన్ వచ్చినట్టు ఒక ఒత్తిడి, ముందు వైపు నొక్కినప్పుడు యూరిన్ పడిపోతుందేమో అనిపిస్తుంది, పడదు. నిమిషం కూడా పట్టదు. మొదటిసారి నేను బిగుసుకుపోయా, దాంతో ఇంకా ఇబ్బందైంది. సిగ్గంటావా, ఆ డాక్టరు ఆ రోజు నా ముందు ఎంతమందిని చూశాడో, నా తర్వాత ఎంతమందిని చూశాడో, నా మొహం కూడా ఆయనకి గుర్తుండదు.

సర్జరీ_పీజీ:
ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకి జవాబు చెప్తుంది. స్కాన్ సైజు చెప్తుంది, యూరిన్ ఎంత మిగిలిందో చెప్తుంది. కానీ వయసుతో వచ్చే వాపు గ్రంథి మధ్యలో, మూత్రనాళం చుట్టూ పెరుగుతుంది, క్యాన్సర్ ఎక్కువగా వెనక భాగంలో మొదలవుతుంది, ఆ వెనక భాగం పురీషనాళం (మలద్వారానికి పైన ఉండే పేగు చివరి భాగం) ముందు గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టే వేలికి అందుతుంది. మాకు నేర్పేటప్పుడు చెప్పే గుర్తు ఒకటుంది, మీ ముక్కు కొన తాకి చూసుకోండి, మామూలు వాపు అలా ఉంటుంది. ఇప్పుడు నుదురు తాకండి. అలాంటి గట్టి గడ్డ తగిలితే పీఎస్ఏ ఎంతున్నా మేం వదలం.

పైగా మీ నాన్నగారికి రక్తం కూడా పడుతోంది. అసలు మీరు యూరిన్ గురించి అడిగారు గానీ నాకు దీని గురించే ఎక్కువ ఆలోచన. అదే పరీక్షలో మలద్వారం చుట్టూ చీలిక ఉందా, భగందరం (మలద్వారం పక్కన చీము కారే దారి) రంధ్రం ఉందా చూస్తాం, లోపల గోడలంతా తడుముతాం, చివరికి గ్లవుజు మీద రక్తం అంటిందా అని చూస్తాం. పురీషనాళం కింది భాగంలో గడ్డ ఉంటే చాలావరకు ముందు పట్టుకునేది వేలే. ఒక విషయం చాలామందికి తెలియదు, లోపలి మొలలు సాధారణంగా వేలికి తగలవు, మెత్తగా అణిగిపోతాయి, వాటికి ప్రాక్టోస్కోప్ (మలద్వారంలోకి పెట్టే చిన్న గొట్టం) పెట్టి చూడాలి. కాబట్టి ఎవరూ చూడకుండా "మొలలే" అని తేల్చేయడానికి లేదు. రక్తం చుక్కలుగా పడుతోందా, మోషన్‌తో కలిసి వస్తోందా? బరువు తగ్గారా? వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపిస్తుందా?

ఇంకోటి, ప్రోస్టేట్‌కి ఏ టాబ్లెట్లు వాడుతున్నారు? పేరు చెప్పండి, ఇది ముఖ్యం.

సరదా_బాబు:
ఇంత రాద్ధాంతం ఎందుకు బ్రో, మా సెంటర్లో మొలలకి ఒక్క ఇంజెక్షన్ ఇస్తారు, ఆపరేషన్ లేదు, పరీక్ష లేదు, సాయంత్రానికి ఇంటికే.

గోదారి_వనజ:
అలాంటి సెంటర్ బోర్డు నమ్మే మా పెదమామయ్య వెళ్ళారండీ. చూడకుండానే ఏదో పొడిచి పంపారు, ఎనిమిది నెలలు తిరిగారు వాళ్ళ చుట్టూ, తీరా పెద్దాసుపత్రిలో వేలు పెట్టి చూసిన డాక్టరమ్మ ముప్పై సెకన్లలో చెయ్యి తీసి "ఇన్నాళ్ళు ఎక్కడున్నారు" అంది. మొలలు కాదు. ఇప్పుడు మలం పోవడానికి పొట్టకి సంచి పెట్టుకుని తిరుగుతున్నారు, బాగానే ఉన్నారు గానీ ఆ ఎనిమిది నెలలు మాత్రం మాకు గుచ్చుతూనే ఉంటాయి. సరదా_బాబు గారూ, ఏమీ అనుకోకండి, ఇలాంటి సలహా ఇవ్వకండి.

తెనాలి_కుర్రాడు:
పీజీ గారూ, ఫైలు తీసి చూశా. టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన కాప్సూల్. ఏడాదిన్నర నుంచి. అప్పుడెప్పుడో ఒకాయన రాసిస్తే ఆ చీటీతోనే మెడికల్ షాపులో తెచ్చుకుంటున్నారు. రక్తం ఎక్కువగా కలిసే వస్తోందట, చుక్కలు కాదు. పంచె ముడి ఈ మధ్య వదులవుతోందని అమ్మ అంటోంది.

సర్జరీ_పీజీ:
అనుకున్నా. డ్యూటాస్టెరైడ్ ఆరు నెలలు దాటి వాడితే పీఎస్ఏని దాదాపు సగానికి తగ్గిస్తుంది. అంటే మీ 3.1ని రెండింతలు చేసుకుని చదవాలి, 6.2. ఇది క్యాన్సర్ అని కాదు, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా, గ్రంథి పెద్దదైనా పెరుగుతుంది. కానీ నార్మల్ అని ఫైలు మూసేసే నంబరు కాదు. ల్యాబు వాడికి మీ నాన్న ఏ మందు వాడుతున్నారో తెలియదు కదా. ఈసారి డాక్టరుకి ఆ కాప్సూల్ అట్ట చూపించండి. శుక్లాల ఆపరేషన్ ఎప్పుడన్నా చేయిస్తే కంటి డాక్టరుకి కూడా చెప్పాలి, టామ్సులోసిన్ వాడేవాళ్ళకి ఆపరేషన్‌లో కంటిపాప సరిగ్గా విచ్చుకోదు. జలుబు టాబ్లెట్లు సొంతంగా కొనివ్వకండి, కొన్నింటితో యూరిన్ పూర్తిగా ఆగిపోయి అర్ధరాత్రి ట్యూబు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళని వార్డులో చూస్తూనే ఉంటాం.

కలిసి రావడం, బరువు తగ్గడం, రెండూ వినడానికి బాగాలేవు. ఆలస్యం వద్దు.

డల్లాస్_నుంచి:
నెట్‌లో వెతికితే "అమెరికాలో ఈ వేలు పరీక్ష మానేశారు" అని కనపడుతుంది, దాంతో మీ నాన్నగారు వాదించొచ్చు, అందుకే చెప్తున్నా. అక్కడ మాట్లాడేది ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి చేసే స్క్రీనింగ్ గురించి. 2018 నుంచి ఇక్కడి సిఫార్సు ప్రకారం 55 నుంచి 69 మధ్య వాళ్ళు పీఎస్ఏ చేయించుకోవాలా వద్దా అనేది డాక్టరుతో మాట్లాడుకుని తేల్చుకోవాలి, 70 దాటితే మామూలుగా వద్దంటారు. రక్తం పడుతున్న మనిషికి ఆ లెక్క వర్తించదు.

తెనాలి_కుర్రాడు:
అప్‌డేట్. కరీంనగర్ పెద్దాయన రాసింది నాన్నకి చదివి వినిపించా, మొహం అటు తిప్పుకుని విన్నారు, "దుప్పటి కప్పుతారా?" అని ఒక్కటే అడిగారు. నిన్న వెళ్ళాం. నన్ను బయట కూర్చోమన్నారు, సరే అన్నా. ప్రోస్టేట్ పెద్దదే గానీ మెత్తగా ఉందట, గడ్డ తగల్లేదు, కాప్సూల్ అట్ట చూసి పీఎస్ఏ మళ్ళీ చేయించి ఎంఆర్ఐ సంగతి చూద్దాం అన్నారు. గ్లవుజుకి మాత్రం రక్తం అంటింది. సర్జరీ డాక్టరు ప్రాక్టోస్కోప్ పెడితే మొలలు కొద్దిగా ఉన్నాయట, కానీ అంత రక్తానికి అవి చాలవు, పెద్దపేగు మొత్తం చూడాలని గురువారం కొలనోస్కోపీ రాశారు. నాకు లోపల టెన్షన్‌గానే ఉంది.

నాన్న ఇప్పుడు వేలు సంగతి మర్చిపోయారు, కడుపు శుభ్రం చేసే పొడి రెండు లీటర్ల నీళ్ళలో కలిపి తాగాలంటే గోల చేస్తున్నారు. ఎవరన్నా తాగారా?

గోదారి_వనజ:
మా మామయ్యకి ఫ్రిజ్‌లో బాగా చల్లబెట్టి, పావుగంటకో గ్లాసు చొప్పున ఇచ్చాం, మధ్యలో కొబ్బరినీళ్ళు. ఎర్రరంగు డ్రింకులు ఇవ్వకండి, లోపల రక్తంలా కనిపిస్తాయట. బాత్రూం దగ్గరున్న గదిలో పడుకోబెట్టండి. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి తమ్ముడూ.