మధురపూడి నుంచి శంషాబాదుకు విమాన దూరం లెక్కించడం ఎలా?

ప్రశ్న (అమలాపురం):
పదో తరగతి పిల్లలకు త్రికోణమితి ఉపయోగం చూపడానికి, మధురపూడి (రాజమహేంద్రవరం విమానాశ్రయం) నుంచి శంషాబాదుకు (హైదరాబాదు విమానాశ్రయం) గల విమాన దూరాన్ని వాళ్లచేతే లెక్క కట్టించాలనుకుంటున్నాను. అట్లాసు మీద స్కేలు పెట్టి కొలవడం కాక వేరే పద్ధతి ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు (రాజమహేంద్రవరం):
నమస్కారమండి. మధురపూడి సుమారు 17.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.8 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. శంషాబాదుకు ఆ విలువలు 17.2, 78.4. అక్షాంశాల్లో తేడా దాదాపు లేనట్టే కనుక, దూరమంతా 3.4 రేఖాంశ డిగ్రీలలోనే ఉంది. భూమధ్యరేఖ దగ్గర రేఖాంశ డిగ్రీ ఒక్కొక్కటి 111 కిలోమీటర్లు ఉన్నా, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అది తగ్గిపోతుంది కాబట్టి, 17 డిగ్రీల కొసైను విలువ అయిన 0.956తో గుణిస్తే మన ప్రాంతంలో 106 కిలోమీటర్లవుతుంది. దాన్ని 3.4తో హెచ్చిస్తే సుమారు 360 కిలోమీటర్లు వస్తుంది. పిల్లలకు కొసైను ఎందుకో అర్థమయ్యేది ఇక్కడే.

జవాబు (భీమవరం):
పై పద్ధతి దగ్గరి ఊళ్లకు చక్కగా సరిపోతుంది కానీ, చాలా దూరపు ఊళ్లకు సరిపోదు. మన పిల్లల్లో చాలామందికి అమెరికాలో బంధువులుంటారు కనుక, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు గ్లోబు మీద దారం బిగించి చూపించండి. అది ఉత్తరధ్రువానికి చేరువగా పోతుంది. ఆ దారమే మహావృత్తపు దారి, అంటే గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి. రెండు ఊళ్లు భూకేంద్రం వద్ద చేసే కోణాన్ని రేడియన్లలోకి మార్చి (డిగ్రీలను π/180తో గుణించి), భూమి సగటు వ్యాసార్థమైన 6,371 కిలోమీటర్లతో గుణిస్తే దూరం తెలుస్తుంది.

జవాబు (కాకినాడ):
ఒక్క మాట చేర్చాలండి. రన్‌వే దిశను బట్టి తిరగడం, నిర్ణీత వాయుమార్గాలను అనుసరించడం వల్ల విమానం నిజంగా ఎగిరే దూరం ఈ లెక్క కంటే కొంత ఎక్కువే ఉంటుంది.