వాచీ మీద గీతలు ఇంట్లో పోగొట్టుకోవచ్చా? స్టీల్ వాచీ ఒకటి, హెచ్‌ఎంటీ జనతా ఒకటి

రాత్రిషిఫ్ట్:
అందరికీ నమస్తే. నాకో స్టీల్ వాచీ ఉంది, రోజూ ఆఫీసుకి పెట్టుకెళ్తా, ల్యాప్‌టాప్‌కి రాసుకుని రాసుకుని చెయిన్ లాక్ మీద అంతా గీతలే, అద్దం చుట్టూ ఉండే మెరిసే రింగు మీద కూడా గోడ తగిలి ఒక గీత పడింది. ఇంకోటి మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా, కీ ఇచ్చేది, ఇప్పటికీ నడుస్తోంది గానీ అద్దం మసకబారి టైమ్ కనపడట్లేదు, కేసు కూడా కళ తప్పింది. షాపులో అడిగితే బఫింగ్ మెషీన్ (గిర్రున తిరిగే పాలిష్ చక్రం) మీద పెట్టి కొత్తదానిలా చేసిస్తాం అన్నారు, నాకెందుకో భయమేసి తెచ్చేసుకున్నా. వీడియోల్లో చూస్తే ఒకాయన బ్రాసో (ఇత్తడి సామాన్లు తోమే పాలిష్) అంటాడు, ఇంకొకాయన టూత్‌పేస్ట్ అంటాడు, మరొకాయన ఏకంగా సాండ్‌పేపర్ పెట్టి గీకేస్తున్నాడు. రెండిటికీ ఒకటే పద్ధతా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

స్ప్రింగ్‌బార్:
ఒకటే పద్ధతి అస్సలు కాదండీ, పైగా మీ స్టీల్ వాచీ ఒక్కదాంట్లోనే రెండు పద్ధతులు కావాలి. లైట్ కింద పెట్టి చూడండి, లాక్ మీద సన్నటి వెంట్రుకల్లాంటి చారలు అన్నీ ఒకే వైపుకి ఉంటే అది బ్రష్డ్ ఫినిష్, దానికి బ్రాసో పెట్టారనుకోండి ఆ చారలు పోయి మధ్యలో అద్దంలాంటి మరక మిగుల్తుంది, గీత కంటే అదే అసహ్యంగా ఉంటుంది. దానికి గిన్నెలు తోమే ఆకుపచ్చ స్కాచ్‌బ్రైట్ చాలు, కొత్త ముక్క తీసుకుని చారలు ఎటు ఉంటే అటే, ఒకే దిక్కులో, తేలిగ్గా లాగాలి, వెనక్కీ ముందుకీ రుద్దకూడదు, గుండ్రంగా అసలే వద్దు. మెరిసే రింగుకి మాత్రం మెత్తటి కాటన్ గుడ్డ మీద బ్రాసో చుక్క, లేదా కేప్‌కాడ్ గుడ్డ (పాలిష్ ముందే పట్టించి అమ్మేది) దొరికితే అది, మొదట నల్లగా మసి వస్తుంది, కంగారు పడకండి, శుభ్రంగా తుడిస్తే కింద మెరుపు కనపడుతుంది. ఏం చేసినా చెయిన్ విప్పి పక్కన పెట్టి, ముట్టుకోకూడని చోటల్లా మాస్కింగ్ టేప్ వేసి మొదలెట్టండి, ముఖ్యంగా కీ చుట్టూ, ఆ సందులోకి పాలిష్ పోతే లోపలి రబ్బరు వాషర్‌కి మంచిది కాదు.
గోల్డ్ ప్లేటింగ్ గానీ నల్ల కోటింగ్ గానీ ఉన్న వాచీలకి ఇవేవీ చేయకండి, గీతతో పాటు రంగూ పోతుంది.

పాతవాచీలు:
జనతా గురించి నేను చెప్తా. వెనక మూత మీద స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్ అని ఉందా చూడండి, ఉంటే మూత ఒక్కటే స్టీల్ అన్నమాట, కేసు ఇత్తడి మీద క్రోమ్ పూత. ఆ పూత సాధారణంగా మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు, బెల్టు తగిలే కొమ్ముల దగ్గర పచ్చగా కనపడుతోందంటే అప్పటికే అరిగిందని లెక్క. దాన్ని బ్రాసోతో తోమితే మెరుపు రాదు సరికదా ఇత్తడి చెంబు బయటపడుతుంది. సబ్బునీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి వదిలేయండి, ముంచడం మాత్రం వద్దు, అంత పాత వాచీలోకి నీళ్ళు పోవడం ఎంతసేపు.
అద్దం మాత్రం మీకు పండగే, అది గాజు కాదు, యాక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్. గోరుతో కొడితే టక్ మని కాకుండా ప్లాస్టిక్ చప్పుడు వస్తుంది. పాలీవాచ్ అనే ప్లాస్టిక్ అద్దాల పాలిష్ ట్యూబ్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, లేకపోతే తెల్ల టూత్‌పేస్ట్, జెల్ కాదు, గుడ్డ మీద కొంచెం పెట్టి ఓ ఐదు నిమిషాలు ఓపిగ్గా రుద్దండి, మసక చాలావరకు పోతుంది. పగుళ్ళుంటే పోవు, అద్దం మార్పించుకోవడమే, పెద్ద ఖర్చు కాదు.
హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో మొదలైంది, 2016లో మూసేయాలని కేంద్రం నిర్ణయించింది, ఇప్పుడు మార్కెట్లో జనతా పేరుతో మళ్ళీ రంగేసిన డయల్స్ పెట్టి అమ్మేవి బోలెడు, అందుకే మీ దగ్గరున్న ఒరిజినల్ డయల్ జోలికి ఎవ్వర్నీ పోనివ్వకండి.

గీతలేఅందం:
నా మాట వింటే రెండూ ముట్టుకోవద్దు బాస్. రోజూ పెట్టుకునే వాచీకి గీతలు పడక ఏం పడతాయి, ఇవాళ రుద్దితే వచ్చే వారం మళ్ళీ పడతాయి.

రాత్రిషిఫ్ట్:
థాంక్స్ అందరికీ. జనతా అద్దం టూత్‌పేస్ట్‌తో రుద్దా, అంకెలన్నీ కనపడుతున్నాయి, అమ్మ చూసి ముచ్చటపడింది. లాక్ కూడా స్కాచ్‌బ్రైట్‌తో బాగానే వచ్చింది. రింగు మీద ఆ పెద్ద గీత మాత్రం కదలట్లేదు, గోరు పెడితే పట్టుకుంటోంది. స్టీల్ వాచీ అద్దం మీద కూడా చిన్న గీత ఉంది, దానికీ టూత్‌పేస్టేనా?

స్ప్రింగ్‌బార్:
గోరు పట్టుకుందంటే బ్రాసో వల్ల కాదు. 1000, 1500, 2000 నంబర్ (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) సాండ్‌పేపర్లు తడిపి వరసగా రుద్ది తర్వాత పాలిష్ చేస్తే పోతుంది గానీ, గీత పోవడమంటే దాని చుట్టూ ఉన్న స్టీల్‌ని ఆ లోతు వరకు అరగదీయడమే కదా, రింగు అంచు మొద్దుబారుతుంది, ఆ అంచు మళ్ళీ రాదు. షాపు బఫింగ్‌లో జరిగేది కూడా ఇదే, కాకపోతే నిమిషంలో అయిపోతుంది, మీ భయం న్యాయమే. నేనైతే ఆ ఒక్క గీత ఉంచేస్తా. అద్దం మినరల్ గ్లాస్ (అంటే గాజు) అయితే టూత్‌పేస్ట్ దాన్నేం చేయలేదు, గీత మరీ కంటికి తగులుతుంటే కొత్త అద్దం వేయించుకోండి. సఫైర్ (గాజు కంటే చాలా గట్టిది, అంత తేలిగ్గా గీత పడదు) అయితే అది గీత కాకపోవచ్చు, గోడ సున్నమో లోహమో అంటుకుని ఉంటుంది, ముందు అరిగిపోయిన పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూడండి.