బేస్‌బాల్‌లో ఈ శాలరీ క్యాప్ (టీము జీతాల మొత్తానికి పెట్టే గట్టి హద్దు) గొడవేంటి, తెలిసినోళ్ళు కాస్త చెప్పండి

అందరికీ నమస్తే. అట్లాంటాలో ఉంటున్నా, పుట్టుకతో క్రికెట్ పిచ్చోణ్ణే గానీ ఆఫీసోళ్ళ పుణ్యమా అని బేస్‌బాల్ అంటుకుంది. ఇక్కడి పెద్ద లీగ్ ఎంఎల్‌బీలో ప్లేయర్ల యూనియన్‌కీ టీముల ఓనర్లకీ ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో అయిపోతుందని, మళ్ళీ లాకౌటేనని (అంటే ఓనర్లే ప్లేయర్లని బయట పెట్టి పని ఆపేయడం) లంచ్‌లో ఇదే గోల. 2021 డిసెంబర్‌లో ఓనర్లు లాకౌట్ పెడితే 99 రోజులు సాగింది, 1994లో అయితే ప్లేయర్లే సమ్మెకి దిగి ఏకంగా వరల్డ్ సిరీసే (లీగ్ ఫైనల్) రద్దయింది, అంతవరకూ తెలుసు.

నా బుర్రకెక్కనిది ఏంటంటే, ఐపీఎల్ వేలంలో పర్సు దాటనివ్వరు కదా, ఇక్కడేమో హద్దు దాటినా టాక్స్ కట్టేసి ఎంతైనా పెట్టుకోవచ్చు, లాస్ ఏంజెలెస్ టీము డాడ్జర్స్ వాళ్ళు స్టార్ ప్లేయర్ ఒహ్తానీకి పదేళ్ళకి 70 కోట్ల డాలర్లు రాసి అందులో 68 కోట్లు కాంట్రాక్ట్ అయ్యాక ఇస్తామన్నారు (ఇదేం లెక్కో దేవుడికే తెలియాలి). క్యాప్ వస్తే చిన్న టీములకీ మంచిదేగా, మరి యూనియన్ ఎందుకంత గట్టిగా వద్దంటోంది?

ఇంకోటి, అకౌంట్స్ తెలిసినోళ్ళకి. ఓనర్లు డబ్బుల్లేవంటారు గానీ పుస్తకాలు తెరవరు. మా అట్లాంటా టీము బ్రేవ్స్ స్టాక్ మార్కెట్‌లో ఉంది కాబట్టి దాని రిపోర్టులు దొరుకుతాయి, అందులో బేస్‌బాల్ ఆదాయం వేరు, స్టేడియం పక్కన షాపులూ ఆఫీసుల అద్దెలు వేరు. రేపు క్యాప్ పెట్టి రెవెన్యూలో ప్లేయర్లకి ఇంత శాతం అంటే ఆ అద్దెలు అందులోకి వస్తాయా, రావా? ఎన్‌బీఏలో (బాస్కెట్‌బాల్ లీగ్) ఇలాంటివి ఎలా లెక్కేస్తారో తెలిసినా చెప్పండి ప్లీజ్.