68 ఏళ్ల అమ్మకు పళ్ల ఇంప్లాంట్లు పెట్టించవచ్చా?

మాది కడప పక్కన పల్లె. అమ్మకు పదేళ్లుగా షుగర్. కింది పళ్లన్నీ పోయాయి, కట్టుడు పళ్ల సెట్టు మాట్లాడుతుంటేనే లేచొస్తుంది. జొన్నరొట్టె పప్పులో నానబెట్టి మింగుతోంది, చూడలేకపోతున్నాను. ఈ వయసులో ఇంప్లాంట్లు తట్టుకుంటుందా?

— అక్కా, వయసు అడ్డం కాదు, షుగరూ ఎముకా చూసుకోవాలి. మా నాయనకు 71 ఏళ్ల వయసులో అనంతపురంలో పెట్టించాం. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ఎక్కువుందని ముందు తగ్గించుకుని రమ్మన్నారు, తర్వాతే స్కాన్ తీసి దవడ ఎముక మందం చూశారు. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, అది ఎముకకు అతుక్కోవడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, తొందరపెట్టొద్దు. ఇప్పుడు నాటుకోడి ముక్క కొరికి తింటున్నాడు.

— అన్ని పళ్లకూ అక్కర్లేదండి. కింది దవడ ముందువైపు 2 ఇంప్లాంట్లు వేసి, సెట్టును వాటిమీద ప్రెస్ బటన్‌లా టక్కున బిగిస్తారు. ఖర్చు బాగా తగ్గుతుంది, రాత్రి తీసి కడుక్కోవాలి.

— ఎముకలు గుల్లబారాయని జోలెడ్రానిక్ ఇంజెక్షన్ ఏమైనా వేయించారా? వేయించి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, దవడ పుండు మానకుండా పోయే ప్రమాదం ఉంది. మా అత్తను ఆ మాట ఎవరూ అడగలేదు, ఏడాది నరకం చూసింది.

— అయ్యో, పోయినేడు ఏదో ఎముకల ఇంజెక్షన్ వేశారు. చీటీ బీరువాలో ఉండాలి, ఇప్పుడే వెతుకుతాను.